వాగుకు కట్టిన వల

వేడి అన్నం పడగానే అడ్డాకు విస్తరి నుంచి ఒక పచ్చి వాసన లేస్తుంది. మొన్న మా చర్చి సంఘం సభల్లో పంక్తిలో కూర్చున్నప్పుడు ఆ వాసన ముఖానికి తగిలి, చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పక్కన కూర్చున్న కొత్త కోడలు "ఏందక్కా, ఉప్పు తక్కువైందా?" అని అడిగింది. ఉప్పు సరిపోయింది. నాకు మార్తమ్మ గారు గుర్తొచ్చారు.

మార్తమ్మ గారు చర్ల వైపు మా ఊళ్లో చిన్న దవాఖానాలో నర్సు. ఆదివారాలు పిల్లలకు వాక్యం నేర్పేవారు. నేను ఆవిడ దగ్గరే నేర్చుకుని, పెద్దయ్యాక ఆవిడ పక్కన నిలబడి నేర్పాను. దేవుడు మనిషిని తోటలో ఉంచింది దాన్ని కాయడానికేనని ఆవిడ నమ్మకం. కాయడమంటే ఏమిటో నోటితో చెప్పేవారు కాదు, వాగు దగ్గరికి తీసుకెళ్లేవారు. మా వాగు వేసవిలో ఒట్టి ఇసుక. ఊరు తన చెత్తంతా అందులోనే పోసేది. జూన్‌లో తొలి నీళ్లు రాగానే అదంతా గోదావరిలోకి, అక్కడి నుంచి సముద్రంలోకి కొట్టుకుపోయేది. ఊరు శుభ్రమైందని మేం సంతోషించేవాళ్లం. ఆ చెత్తను ఆపడానికే, వాగు గోదావరిలో కలవడానికి కాస్త ముందు, దాటడానికి కట్టిన చప్టా దగ్గర, దాని కింది తూములకు అడ్డంగా, ఆవిడ పాత చేపల వల కట్టించారు. వాగు పారిన ప్రతిసారీ వలలో చిక్కిందంతా ఒడ్డుకు లాగించి, ఏది ఎక్కువ వస్తోందో చూసి, అది ఎవరి ఇంటి నుంచి వచ్చిందో ఆ గడప తొక్కి మరీ చెప్పేవారు.

చప్టా మీద పోయేవాళ్లు ఊరుకుంటారా? "చేపలు పడ్డయా మార్తమ్మా?" అనేవాడు మా సంఘ పెద్ద యోహాను మామ.

"పడ్డయ్ అన్నా. మీ దొడ్లకెళ్లి వచ్చినయే. తీస్కపోతవా?"

ఒక ఏడాది సభలు ఎప్పటిలాగే వాగు ఇసుకలో, తాటాకు పందిరి కింద పెట్టారు. భోజనాలకు మాత్రం అడ్డాకు విస్తళ్లు మాన్పించి, యోహాను మామ తెల్లటి థర్మాకోల్ పళ్లేలు, నీళ్ల ప్యాకెట్లు తెప్పించాడు. "ఖమ్మంకెళ్లి బోధకులు వస్తున్నరు. ఇంక ఆకులల్లనే పెడదమా?" అన్నాడు. మాకూ అది గొప్పగానే తోచింది. సభలు ముగిసే రోజుకి పందిరి వెనక తెల్లటి గుట్ట లేచింది.

ఆఖరి రోజు, దేవుడు తమకు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల వేళ, మార్తమ్మ గారు లేచి నిలబడ్డారు. మా నెత్తిన ఎండ కాస్తోంది, ఎగువన కొండల మీద మాత్రం ఆకాశం నల్లగా దిగి ఉంది.

"పైన వాన పడ్తున్నది. భోజనాలు జర ఆపుండ్రి. అందరం కలిసి ఇసుకల చెత్త ఏరుదాం. నీళ్లొస్తే ఇదంత సముద్రంల పడ్తది."

పందిట్లో సన్నగా నవ్వులు. "సముద్రం యాడ, మనం యాడ?" అన్నాడు యోహాను మామ. "నువ్వు సాక్ష్యం చెప్పమ్మా. జనానికి ఆకలైతున్నది."

"ఇదే నా సాక్ష్యం అన్నా," అని ఆవిడ ఖాళీ సంచి తీసుకుని పందిరి వెనక్కి నడిచారు. అయ్యగారు, అంటే మా పాస్టరు, ఎవరినీ నొప్పించలేని మనిషి. తల వంచుకుని ముగింపు పాట ఎత్తుకున్నారు. మార్తమ్మ గారి వెనక వెళ్లింది నేనూ ఇంకొందరు ఆడవాళ్లూ మాత్రమే.

గుట్టలో సగం కూడా సంచులకెక్కలేదు. ముందు తడి మట్టి వాసన వచ్చింది. తర్వాత, ఎండుటాకుల మీద పశువుల మంద నడుస్తున్నట్టు ఒక చప్పుడు. మార్తమ్మ గారు నడుం ఎత్తి విన్నారు. "సంచులిడిసిపెట్టుండ్రి. పిల్లలను తీస్కొని గట్టెక్కుండ్రి," అన్నారు. ఆ గొంతు విని పంక్తిలోంచి కూడా అందరూ లేచారు. మేం గట్టు మీద ఉండగానే బురదనీళ్లు నురగ కక్కుతూ వచ్చి, పందిరి గుంజలను విరిచి, తెల్లటి గుట్టను ఎత్తుకుపోయాయి.

వల ఉంది కదా అని నాకు ధైర్యం. చప్టా దాకా పరుగెత్తాం. వల అన్నీ పట్టింది. పళ్లేలు, ప్యాకెట్లు, తాటాకులు, కొమ్మలు పట్టి, తూములను పూర్తిగా మూసేసింది. దారి లేని నీళ్లు పక్కకు తిరిగి, పల్లంలోని గుడిసెల వైపు ఎక్కుతున్నాయి. వాటిలో ఒకదాంట్లో బాలింత ఉంది. ఆ వారంలోనే మార్తమ్మ గారు కాన్పు చేసిన పిల్ల.

"సునీతా, వంటకాడికి పోయి కత్తి తే. జల్దీ."

నేను తెచ్చేసరికి చప్టా మీద నీళ్లు పాదాలు ముంచుతున్నాయి. ఆవిడ అంచున బోర్లా పడుకుని చెయ్యి చాచారు. నేను ఆవిడ కాళ్లు పట్టుకున్నాను. వెనక నుంచి యోహాను మామ వచ్చి నన్ను పట్టుకున్నాడు.

"కొయ్యకు మార్తమ్మా. జర ఆగు, తగ్గుతదేమో. కోస్తే అంత పోతది," అన్నాడు.

"పసిగుడ్డున్నది అన్నా, ఆ ఇంట్ల."

తాళ్లు ఒక్కొక్కటే తెగాయి. చివరి తాడు దానంతటదే తెగిపోయింది. ఏళ్ల తరబడి కాచిన వల, అది పట్టిన చెత్తతో సహా, మా కళ్లముందే గోదావరి వైపు వెళ్లిపోయింది. నీళ్లు గుడిసె గడపను తాకి వెనక్కి తగ్గాయి.

సాయంత్రం బడి వరండాలో సంఘం చేరింది. ఎవరి ప్రాణమూ పోనందుకు అయ్యగారు దేవునికి కృతజ్ఞత చెప్పారు. అందరం ఆమెన్ అన్నాం. మార్తమ్మ గారి పెదవి కదల్లేదు. ప్రార్థన అయ్యాక ఎందుకని అడిగాను.

"ప్రాణాలు కాపాడిండు, మోకాళ్ల మీద వందనం చెప్పుకున్న బిడ్డా. గాని మనం చేసింది ఇంక నీళ్ల మీద పోతనే ఉన్నది. అది ఎవరి వాకిట్ల పడ్తదో తెల్వదు. గిప్పుడే ఆమెన్ అంటే అంత అయిపోయినట్టు కాదా?"

మరుసటి ఏడు సభలకు యోహాను మామే అడ్డాకుల మోపు తలకెత్తుకుని వచ్చి, ఆవిడ ముందు దించాడు. ఆవిడ ఒక ఆకు తీసి, పుల్ల గుచ్చి కుట్టడం మొదలుపెట్టారు. కొత్త వల కట్టించారు కానీ దాని మీద ఆనుకోవడం మానేశారు. "వల ఆఖరిది. ముందు ఇసుక చూడాలె," అనేవారు. ఉద్యోగం అయిపోయాక దమ్మపేటలో తమ్ముడింటికి వెళ్లి, అక్కడే ప్రభువులో నిద్రించారు.

మొన్న అయ్యగారు ముగింపు ప్రార్థన చేయగానే అందరూ ఆమెన్ అన్నారు. నేను విస్తరి మడిచి, లేచి, పందిరి వెనక ఇసుకలోకి నడిచాను. ఎవరో బయట కొని తాగిన నీళ్ల ప్యాకెట్ ఒకటి సగం పూడి కనిపించింది. వంగి తీసి కొంగున ముడేసుకున్నాను. ఎగువన కొండల వైపు చూశాను, ఆకాశం తేటగా ఉంది. పందిరి చుట్టూ మరోసారి తిరిగి వచ్చాను.

అప్పుడు అన్నాను ఆమెన్.