దాటేసిన దీవి

మా సోషల్ మాస్టారు పోయారు. గుంటూరు ఆస్పత్రిలో కాలు తీసేసిన నాలుగో రోజు, పొద్దున కాఫీల వేళ ఫోనొచ్చింది. నేను పనిచేసే కోల్డ్ స్టోరేజీలో అప్పుడే లారీలోంచి మిర్చి టిక్కీలు, బరువు బస్తాలు, దిగుతున్నాయి. ఫోను జేబులో పెట్టుకుని లారీ మొత్తం దిగేదాకా అలాగే నిలబడిపోయాను. ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఆయన మీద సగం, నా మీద సగం.

పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. చెబుతాను, చెప్పడానికి బోలెడుంది. కానీ ఆయన దగ్గర చదువుకున్నవాణ్ణి. తప్పెక్కడ జరిగిందో దాచిపెట్టి ఆయన పేరు మీద మంచిమాటలు రాస్తే, ఆ పేపరు ఆయనే నా మొహాన కొట్టేవారు.

హైస్కూల్లో మాకు రెండో ప్రపంచయుద్ధం చెప్పింది ఆయనే. రిటైరయ్యాక ఊళ్లోనే రెండెకరాలు మిరప, పక్కన ఎకరం పత్తి వేసుకున్నారు. యుద్ధం మాత్రం రిటైరవలేదు. యూట్యూబ్‌లో ఎవరో పసిఫిక్ యుద్ధం ఆట ఆడుతుంటే చూసి, నియమాలన్నీ నోటుపుస్తకంలోకి ఎక్కించుకున్నారు. మిరపకాయలు ఆరబోసే నీలం పట్టా పాతబడితే దాన్నే సముద్రం చేశారు. ట్రాక్టరుకి వేయగా మిగిలిన తెల్లరంగుతో దీవులు గీశారు. చింతపిక్కలు ఓడలు, పత్తిగింజలు సిపాయిలు, మిరప తొడిమలు విమానాలు. ఆదివారం భోజనాలయ్యాక వాళ్ల వరండాలో ఆట. జపాన్ ఆయనది, అమెరికా నాది. పదేళ్లు ఆడాం. నేను గెలిచినవి వేళ్లమీద లెక్కపెట్టొచ్చు.

ఓడిపోవడానికి కారణం నా ఆబ. కనబడిన ప్రతి దీవినీ పట్టుకోవాలి నాకు. సగం దారిలోనే నా గింజలైపోయేవి.

"ఏరా, ఊళ్లో పెళ్లిళ్లన్నిటికీ నువ్వే వెళ్లాలా?" అని నవ్వేవారు. "టోక్యో ఎటుంది, నువ్వెటు పోతున్నావు? ఆ దీవిలో నీకేం పని? దాటెయ్."

"వెనక శత్రువుని వదిలేసి ముందుకెలా పోతానండీ?"

"వదిలెయ్యడం వేరు, దాటెయ్యడం వేరురా. జపాన్ వాళ్ల పెద్ద స్థావరం రబౌల్‌ని అమెరికావాళ్లు దాటేశారు. ఊరికే దాటేశారా? ముందు దాని విమానాలు విరగ్గొట్టారు. సరుకు ఓడలు రాకుండా చేశారు. దాటేముందు రెండే ప్రశ్నలు వేసుకో. దానికి రెక్కలున్నాయా? దానికి కూడు అందుతోందా? రెండిటికీ లేదు అని వస్తేనే దాటు. లేదంటే చచ్చినట్టు దిగి పట్టుకో."

ఆ రెండు ప్రశ్నలూ నన్ను చాలాసార్లు ఒడ్డున పడేశాయి. పనిలో ఒకడు నామీద చాడీలు చెబుతుంటే, వాడి మాట వినేవాళ్లెవరూ లేరని చూసుకుని దాటేశాను. తమ్ముడితో గట్టు తగాదా వస్తే మాత్రం దాటెయ్యలేదు, ఎదురుగా కూర్చుని తేల్చుకున్నాను. ఇవాళ వాడూ నేనూ ఒక కంచంలో తింటున్నామంటే మాస్టారి పుణ్యమే.

టీ గ్లాసు ఎప్పుడూ ఆస్ట్రేలియా మీదే పెట్టేవారు. నేను తెచ్చే బెల్లం గవ్వల డబ్బా పట్టా అంచున ఉండేది. "షుగరుందయ్యా ఆయనకి!" అని అమ్మగారు, మాస్టారి భార్య, వంటింట్లోంచి అరిస్తే, "రెండే, నౌకాదళానికి" అంటూ నాలుగు తీసుకునేవారు. నవ్వుకునేవాళ్లం.

ఈ ఏడు పత్తికట్టె కొట్టించాక, చేలో మిగిలిన మోడు ఒకటి ఆయన అరికాల్లో దిగింది. ఆదివారం ఆటకి కూర్చుంటే గుడ్డకట్టు కనబడింది. విప్పి చూశాను. రూపాయి బిళ్లంత పుండు, అంచులు నల్లగా ఉన్నాయి.

"పదండి మాస్టారూ, బండి మీద తీసుకెళ్తాను. డాక్టరు చూస్తాడు."

"రేపట్నుంచి మిరప కోత. కూలీలకి చెప్పేశాను. ఇప్పుడు ఆస్పత్రంటే వారం పోతుంది. చిన్న దీవిరా. దాటేద్దాం."

మరుసటి ఆదివారం ఆయన కళ్లంలో ఉన్నారు. మా వైపు మిరపకళ్లంలో చెప్పులతో అడుగుపెట్టరు, లక్ష్మి అంటారు. కట్టు ఎక్కడో జారిపోయింది. ఆ పుండు కాలితో, ఎర్రటి కాయల మధ్య తిరుగుతూ ఆరబోత సర్దుతున్నారు.

"అయ్యో మాస్టారూ, మండిపోదూ?"

"అదేరా విచిత్రం! అస్సలు మండట్లేదు. మానుముఖం పట్టినట్టుంది."

కాయ కోసిన చేత్తో కన్ను నలుపుకుని సాయంత్రందాకా ఏడ్చే ఊరు మాది. పుండు మీద కారం పడినా మండలేదంటే మానిపోయినట్టేనని ఆయన అనుకున్నారు. నేనూ అనుకున్నాను. అలా అనుకుంటే నాకు హాయిగా కూడా ఉంది. "మా ఆవిడకి చెప్పకు, కంగారుపడుద్ది" అన్నారు. చెప్పలేదు. గవ్వల డబ్బా మూత తీసి ఆయన ముందు పెట్టాను.

ఆ పై ఆదివారం వరండాలో ఏదో వాసన. ఎలక చచ్చిందేమోనని అమ్మగారు బస్తాలన్నీ జరిపించి వెతికారు. మాస్టారు పట్టా మీంచి తలెత్తలేదు. ఆ రోజు మొదటిసారి నేను ఒక దీవిని దాటాను. దాని మీద ఆయనవి రెండు తొడిమలున్నాయి. టోక్యో దగ్గరపడిందన్న సంబరంలో నా చింతపిక్కల్ని ముందుకు తోసేశాను. ఆయన ఆ దీవి మీద వేలు పెట్టారు.

"రెక్కలున్నాయి. చూసుకున్నావా?" అన్నారు. ఆ గొంతులో నవ్వు లేదు. ఆయన నుదురు పట్టుకుంటే కాలిపోతోంది. వాసన ఎక్కడిదో అప్పుడు తెలిసింది. గట్టిగా కేకేసి అమ్మగారిని పిలిచాను. గంటలో కారు కట్టించుకుని గుంటూరు బయల్దేరాం.

"మండలేదన్నారా?" అన్నాడు డాక్టరు. "అక్కడ నరాలు చచ్చిపోయాయండీ, షుగరు వల్ల. మండలేదన్నరోజే పరిగెత్తుకు రావాల్సింది."

మోకాలి పైదాకా తీసేశారు. మర్నాడు మాస్టారు నా మణికట్టు పట్టుకున్నారు. "ఒక ప్రశ్న కూడా వేసుకోలేదురా. కూడు అందుతూనే ఉంది దానికి" అన్నారు. ఆ కూడు ఎవరు మోశారో ఆయనకి తెలుసు. ఒక్క మాట అనలేదు. అనుంటే బావుండేది.

దినాలయ్యాక అమ్మగారు కబురు పెట్టారు. "ఆ పట్టా నువ్వు తీసుకెళ్లు నాయనా, నేను ముట్టుకోలేను" అన్నారు. వరండాలో అలాగే పరిచి ఉంది. నా ఓడలు టోక్యో దారిలో ఉన్నాయి. వెనక ఆ దీవి మీద రెండు తొడిమలు, ఎండి వంకర తిరిగాయి. ఆ రోజు హడావుడిలో గవ్వల డబ్బా మూత పెట్టలేదు. బెల్లం ముక్కలు నోట కరుచుకుని చీమలు నీలం సముద్రం మీద ఒకటే బారు కట్టాయి. ఆ దీవి దాకా పోయి, దాని పక్కనున్న చిరుగులోంచి కిందికి దిగిపోతున్నాయి.