డయానా చీలమండ

ఎమ్మెస్ చదివే రోజుల్లో టెక్సస్‌లోని మా యూనివర్సిటీ మ్యూజియంలో పార్ట్‌టైమ్ చేసేదాన్ని. కంప్యూటర్ సైన్స్ కాబట్టి నాకిచ్చింది ఫోటోలు తీసి డేటాబేస్‌లోకి ఎక్కించే పని. రోమన్ల కాలపు చిన్న చిన్న పాలరాతి దేవతా విగ్రహాలు పదకొండు ఉండేవి. వాటిలో వేట దేవత డయానా మూరెడు ఎత్తు. కాళ్ల పక్కన కుక్క, ఒక చెయ్యి మోచేతి దాకానే.

నా కాన్వొకేషన్‌కి నాన్న వచ్చాడు. ఆళ్లగడ్డలో నలభై ఏళ్లు దేవుడి విగ్రహాలు చెక్కిన మనిషి. మ్యూజియం చూపిస్తుంటే డయానా దగ్గర ఆగిపోయాడు. అద్దం దగ్గరికి వంగి చాలాసేపు చూశాడు.

"ఈ యమ్మకు ఎవరో లోపల ఇనుప కడ్డీ పెట్టి అతికించినారు. చీలమండ మీద ఎర్రగీత చూడు. తుప్పు ఉబ్బి రాయిని చీలుస్తాంది. నడుము పట్టి ఎత్తితే పాదాలు కిందనే ఉండిపోతాయి. మీ మేడమ్‌కు చెప్పు."

ఆ గీతను నేను ఎన్నోసార్లు ఫోటో తీశాను. రాతిలో సహజంగా ఉండే చార అనుకున్నాను.

మ్యూజియం ఇన్‌చార్జి మేడమ్‌కి అదే రోజు చెప్పాను. "మీ నాన్న కన్జర్వేటరా, పాత శిల్పాలు బాగుచేస్తాడా?" అని అడిగింది. వెటకారమేమీ లేదు. శిల్పి అన్నాను. ఆమె ఫైలు తెరిచి నిపుణుల రిపోర్టు చూపించింది. పరిస్థితి బాగుందని రాసి ఉంది. ఎక్స్‌రే తీయిద్దామన్నాను. రిక్వెస్ట్ పెడతానంది. కానీ డయానా వేరే ఊరి ప్రదర్శనకు వెళ్లాల్సింది ఆ శుక్రవారమే.

శుక్రవారం నాన్న కూడా వస్తానన్నాడు. ప్యాకింగ్ గదిలోకి బయటివాళ్లను రానివ్వరు. లాబీలో బెంచీ మీద కూర్చోబెట్టి లోపలికెళ్లాను.

గ్లవ్స్ వేసుకున్న ఇద్దరు వచ్చారు. "ప్లీజ్, కింద పీఠం పట్టుకునే ఎత్తండి" అన్నాను. ఒకతను మర్యాదగా తల ఊపాడు. ఒక చెయ్యి పీఠం కింద పెట్టి, రెండో చెయ్యి అలవాటుగా నడుము చుట్టూ వేశాడు. ఇంకోసారి అనేలోపే చిన్న శబ్దం వచ్చింది, సుద్దముక్క విరిగినట్టు. దేవత అతని చేతిలో ఉంది. పాదాలూ కుక్కా పీఠం మీద ఉన్నాయి. విరిగిన చోట తుప్పుపట్టిన కడ్డీ కొస కనిపించింది. అక్కడే ఉన్న మేడమ్ నా వైపు చూసి తల దించుకుంది. నేను కెమెరా పట్టుకుని నిలబడ్డాను. ఫోటో తియ్యమన్నారు. తీశాను.

లాబీలోకి రాగానే నాన్న నా మొహం చూశాడు.

"ఇరిగిపాయనా?"

"విరిగింది నాన్నా."

"పొడి రాలిందా? రాలింటే పారెయ్యకుండా దాచమను, అతికించేదానికి పనికొస్తాది. ఈసారి ఇనుము వద్దను."

మళ్లీ లోపలికెళ్లాను. అప్పటికే గది తాళం వేశారు. నాన్న చెప్పిందంతా మేడమ్‌కి ఈమెయిల్ రాసి పంపాను. థాంక్యూ అని జవాబొచ్చింది. మరుసటి వారం డిగ్రీతో పాటు నా ఉద్యోగమూ అయిపోయింది.

ఊరికెళ్లాక నాన్న ఫోన్‌లో చాన్నాళ్లు అడిగాడు, అతికించినారా అని. తెలీదనేదాన్ని. "నువ్వేం చేస్తావులే" అనేవాడు ఓదార్పుగా. ఆ మాట అన్నప్పుడల్లా ఫోన్ పెట్టెయ్యాలనిపించేది.