కాగితంలో లేని చేతులు

అల్ ఖువైర్‌లో నేను పనిచేసిన ఒమానీవాళ్ళింట్లో మేడమ్ వాళ్ళ అమ్మ ఉండేది. ఎనభై దాటిన మనిషి. ఇంట్లో అందరిలాగే నేనూ ఆమెను అమ్మా అన్నట్టు 'మామా' అని పిలిచేదాన్ని. బయట నిప్పులు కురుస్తున్నా లోపల ఏసీకి ఆమె వణికిపోయేది. కొన్న స్వెట్టర్లన్నీ గుచ్చుకుంటున్నాయని పక్కన పడేసేది.

మాది నర్సాపురం దగ్గర. అమ్మ పక్కన కూర్చుని చిన్నప్పటినుంచీ లేసు అల్లినదాన్ని. ఒక మధ్యాహ్నం పనంతా అయ్యాక తోచక, దారంతో చిన్న పువ్వు అల్లుతుంటే మామా చూసింది. తన గదిలోకి వెళ్ళి మడతల్లో మాసిపోయిన కాగితమొకటి, రెండు పొడుగాటి సూదులు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. కాగితం మీద బొత్తాల స్వెట్టర్ వేసుకున్న తెల్లపిల్ల బొమ్మ, కింద ఇంగ్లీషులో పొట్టి పొట్టి అక్షరాలు, అంకెలు. చిన్నప్పుడు జాంజిబార్ దీవిలో చదువుకునేటప్పుడు కుట్టుపని టీచర్ ఇచ్చిందట.

"అక్కడ చలే లేదు. అయినా అల్లించింది," అని నవ్వింది. మా మాటలు సగం హిందీ, సగం అరబ్బీ.

శుక్రవారం ఫోన్లో చెబితే మా అమ్మ ఆశ్చర్యపోయింది. "రెండు సూదులా! ఒక్కదానికే వేళ్ళు లాగేత్తాయి కదే."

రువీ బజారు నుంచి మేడమ్ మెత్తటి ఊలు తెచ్చింది. మామా చదివి చెప్పేది, నేను నోటుబుక్కులో తెలుగులో రాసుకుని అల్లేదాన్ని. ఆమె చేతుల్లో సూది నిలిచేది కాదు. నేను తప్పు వేస్తే మాత్రం కళ్ళజోడు లేకుండానే వేలితో తడిమి పట్టేసేది. "షువయ్ షువయ్," నెమ్మదిగా, అనేది. వీపు, ముందు రెండు ముక్కలు పూర్తయ్యేసరికి రెండు నెలలు పట్టింది.

స్వెట్టర్ చేతుల దగ్గరికొచ్చాక ఆగిపోయాం. కాగితం చివరి మడత ఎప్పుడో చిరిగిపోయింది. భుజానికి అతికే వంపు ఎలా అల్లాలో చెప్పే వరుసలు అందులోనే పోయాయి.

"ఇంక అవదు మామా," అన్నాను.

ఆమె కళ్ళు మూసుకుంది. చిన్నప్పటి స్వాహిలీ భాషలో ఏదో లెక్కపెట్టుకుంది. తర్వాత వేళ్ళు చూపిస్తూ చెప్పసాగింది. మొదట రెండు పక్కలా నాలుగేసి కుట్లు మూసెయ్యాలి. ఆపైన వరుస విడిచి వరుస, పక్కకొకటి చొప్పున, పదమూడుసార్లు తగ్గించాలి. మిగిలినవి ఒక్కసారే మూసెయ్యాలి. ఎక్కడా తడుముకోలేదు. అరవై ఏళ్ళకు పైగా ఆమె ఆ స్వెట్టర్ అల్లలేదు. నాకు నమ్మకం కుదరలేదు గానీ, చెప్పినట్టే రాసుకుని అల్లాను.

చేతి ముక్క గుడిగంట ఆకారంలో వచ్చింది. స్వెట్టర్ భుజానికి ఆనించి చుట్టూ పిన్నులు గుచ్చుకుంటూ వచ్చాను. ఆఖరి పిన్ను గుచ్చి చూశాను. ఒక్క కుట్టు మిగల్లేదు, ఒక్కటి తక్కువ పడలేదు.

నేనల్లిన లేసులన్నీ బల్లల మీద పరిచేవే. ఒట్టి దారం మనిషి భుజంలా వంగి నిలవడం మొదటిసారి చూశాను. ఆ వంపు ఇన్నేళ్ళూ ఈ ముసలామె తలలో చెక్కుచెదరకుండా ఉంది! ఆమె చేతులు పట్టుకున్నాను.

"ఏమైంది?" అంది.

"కుదిరింది మామా."

"కుదరకేం?" అంది మామూలుగా.

స్వెట్టర్ తొడుక్కున్న రోజే నా నోటుబుక్కులోంచి చేతుల వరుసలు రాసుకున్న పేజీ అడిగింది. పాత కాగితానికి చిరిగిన మడత దగ్గర టేపుతో అతికించమంది. ఇంగ్లీషు కింద నా తెలుగు రాత.

"ఇది ఎవరికి అర్థమవుతుంది మామా?"

"అల్లాలనుకున్నవాళ్ళు నిన్ను వెతుక్కుంటూ వస్తారులే," అంది.