పాటకు పాట అతికిన భాయ్

బహ్రెయిన్‌లోని నయీమ్ పేటలో వీడియో దుకాణం నడిపిన మా భాయ్ పోయిన బుధవారం పొద్దున చనిపోయాడు. షట్టరు సగం లేపి అక్కడే కూలబడ్డాడట. పక్క దుకాణం మంగలి పరుగెత్తి వచ్చేసరికే ప్రాణం లేదు. లేబర్ క్యాంపులో డ్యూటీ బస్సు ఎక్కుతుండగా నాకు ఫోన్ వచ్చింది. ఏం చేయాలో తోచక బస్సే ఎక్కాను. మధ్యాహ్నం దాకా టైల్స్ వేశాను. ఎక్కడ వేశానో, ఎలా వేశానో గుర్తులేదు.

భాయ్‌ది కరీంనగర్. నాకంటే పదేళ్లు పెద్ద. పెళ్లి టేపులను సీడీల్లోకి ఎక్కించడం అతని బతుకుదెరువు. ప్రాణం మాత్రం ఇంకో పనిలో ఉండేది. ఒక సినిమా పాటను తీసుకెళ్లి మరో సినిమాలోని చిందుకు అతికేవాడు. మన పాత హీరో అరబ్బుల డప్పుకు ఎగురుతుంటే, మధ్యలో బతుకమ్మ ఆడే ఆడవాళ్ల చప్పట్లు సరిగ్గా అదే దెబ్బకు పడేవి. మొదట పడీపడీ నవ్వేవాళ్లం. కాసేపటికి నవ్వు ఆగిపోయేది. ఇవి పుట్టుకతోనే ఒక్క పాటేమో అనిపించేది. ఆ సీడీలు క్యాంపు నుంచి క్యాంపుకు చేతులు మారేవి. బహ్రెయిన్‌లో పనిచేసిన మీలో కొందరు చూసే ఉంటారు. చేసిందెవరో తెలిసి ఉండదు. అతను ఎక్కడా పేరు వేసుకోలేదు.

"అన్నీ ఒకరి పాటలే గదా భాయ్, అండ్ల నీదేమున్నది?" అని ఒకసారి ఎకసెక్కెమాడాను.

"సామాన్ వాళ్లదే తమ్మీ. అతుకు నాది," అన్నాడు.

కొత్తగా చేసింది మాకు చూపించేటప్పుడు తాను టీవీ వైపు చూసేవాడు కాదు. స్టూలు మీద కూర్చుని మా పాదాలు చూసేవాడు. కాలు ఆడలేదంటే, మేమెంత మెచ్చుకున్నా సరే, "ఖలాస్, కుదరలే" అని మళ్లీ మొదటి నుంచి పట్టేవాడు.

నా బిడ్డ పెళ్లికి నాకు సెలవు దొరకలేదు. ఊరి నుంచి టేపు వచ్చింది. అల్లుడి కాళ్లు కడిగింది మా తమ్ముడు. ఆ టేపు పట్టుకెళ్లి భాయ్‌ని బతిమాలాను. "నన్ను అండ్ల కలుపు భాయ్. కొత్త అంగీ తొడుక్కొని వస్త."

అతను టేపంతా చూశాడు. "లేనోన్ని ఉన్నట్టు చూపిస్తే నీ బిడ్డ పట్టేస్తది తమ్మీ. నీ దగ్గర ఉన్నదేదన్న తే," అన్నాడు.

నా దగ్గర ఉన్నది ఒక పాత క్యాసెట్. బిడ్డ ఆరేళ్లప్పుడు ఉత్తరానికి బదులు మాట్లాడి పంపింది. ఒక పాట ఎత్తుకుని, నడుమ మరిచిపోయి, "నాయినా, వింటున్నవా?" అంటుంది.

భాయ్ ఆ గొంతును అప్పగింతల మీద వేశాడు. సన్నాయి మెల్లగా తగ్గుతుంది. తల్లి భుజం మీద పడి ఏడుస్తున్న బిడ్డ దగ్గర, ఆరేళ్ల బిడ్డ పాడుతుంది. ఆమె మరిచిపోయిన చోట సన్నాయి అందుకుని పాట పూర్తి చేస్తుంది. కారెక్కబోతూ బిడ్డ వెనక్కి తిరిగినప్పుడు వినిపిస్తుంది, "నాయినా, వింటున్నవా?"

ఆ రోజు భాయ్ నా పాదాలు చూడలేదు. లేచి బయటికి వెళ్లి, నాకు వీపు పెట్టి నిలబడ్డాడు.

సీడీ ఊరికి పంపాను. బిడ్డ ఫోన్ చేసింది. "నువ్వు రాలేదన్న కోపం పోయింది నాయినా," అంది.

ఈ మధ్యే భాయ్ నన్నొకటి అడిగాడు. "ఆరేండ్లాయె నేను ఇంటికి పోక. నా గొంతు ఎవరన్న టేపుల పట్టాలె తమ్మీ. బిడ్డకు పంపుత." వచ్చే శుక్రవారం కూర్చుందామన్నాను. ఆ శుక్రవారం ఓవర్‌టైం. మరుసటి శుక్రవారమూ అంతే. అతను మళ్లీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనుకోవడం నాకే సిగ్గుగా ఉంది.

ఆ బుధవారం సాయంత్రమే భాయ్‌ని ఇక్కడే మట్టి చేశారు. అతని బావమరిది కరీంనగర్‌కు ఫోన్ కలిపి, తాను మట్టి వేయాలని నా చేతికిచ్చాడు. అవతల భాయ్ కూతురు.

"చాచా, ఏం చప్పుడది?"

"మట్టి, బిడ్డా."

 "జర దగ్గర పెట్టు చాచా," అంది.

మోకాళ్ల మీద కూర్చుని ఫోన్ ఉన్న చేయి గుంత మీదికి చాపాను. అందరూ వంగి, పిడికెడు పిడికెడు మట్టి వేస్తున్నారు. కొంత నా మణికట్టు మీద పడింది. ఫోన్ కదులుతుందని దులుపుకోలేదు. ఫోన్ తెర మీద నిమిషాలు నడుస్తూనే ఉన్నాయి.