కూర్చున్నవాడి కిల్టు

డోలీనా రోస్ కొలతల టేపు చేతికి తీసుకుందంటే ఇన్వర్‌షెల్‌లో ఎంతటి మగాడైనా నోరు మూసుకుని నిలబడాల్సిందే. "ఇదేనా నీ నడుం? పోయినేడు ఇంకాస్త పైన ఉండేదే! ఎప్పుడు జారిపోయిందిరా?" అని అందరి ముందూ అడిగేసేది. గొర్రెల కాపరైనా బ్యాంకు మేనేజరైనా ఆమెకు ఒకటే. ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కున్నవాణ్ణి, వాడు ఊపిరి వదిలేదాకా అలాగే నిలబెట్టి, అప్పుడు కొలిచేది. ఇన్ని మాటలు పడి కూడా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆమె దగ్గరికే వచ్చేవారు. మగాళ్ళు నడుం చుట్టూ మోకాళ్ళ దాకా కట్టుకునే కిల్టులు కుట్టడంలో అలాంటి పనితనం మరొకరి చేతిలో లేదు.

ఆమె లెక్కలో కిల్టంటే ఉన్ని గుడ్డే. ముందు చదునుగా ఉండాలి, వెనక కుచ్చిళ్ళుండాలి. మనిషి కదలకుండా నిలబడితే గళ్ళ గీత ఒక్కటి కూడా తెగినట్టు కనబడకూడదు. అసలు మడతే పెట్టని గుడ్డ అనిపించాలి. అడుగు వేశాకే కుచ్చిళ్ళు విచ్చుకోవాలి. కుట్టంతా చేత్తోనే. గుడ్డకు కత్తెర తగలకూడదు, ఎందుకంటే తండ్రి కిల్టు విప్పి కొడుక్కీ, కొడుకుది విప్పి మనవడికీ కుట్టాల్సి వస్తుంది. జీన్సు గుడ్డవి, తోలువి, జేబులున్నవి, చర్రుమని ఊడొచ్చే వెల్క్రో పట్టీలవి, అన్నీ ఆమె దృష్టిలో లంగాలు. ఆ మాట మొహం మీదే అనేది.

రాళ్ళ గోడలు కట్టే గ్రెగర్ ఈ మాట పడినంతగా ఇంకెవరూ పడి ఉండరు. అతను ముతక కాన్వాసు కిల్టు వేసుకుని పనిలోకి వెళ్ళేవాడు. దానికి సుత్తి పట్టేంత జేబులు.

"డోలీనా గారూ, జేబు చిరిగిందండీ. కాస్త కుట్టిపెడతారా?"

"లంగాలు నేను కుట్టను నాయనా."

"ఇదీ కిల్టేనండీ బాబూ! ఇప్పుడు కుర్రాళ్ళంతా ఇవే వేస్తున్నారు."

"అందరూ వేస్తే లంగా కిల్టైపోద్దా? జేబులు కావాలంటే ప్యాంటేసుకో పో."

అప్పుడు దుకాణంలో అందరికన్నా గట్టిగా నవ్వినవాడు హెక్టర్. డోలీనాతో కలిసి చదువుకున్నవాడు. కొండమీద గొర్రెలు పెంచేవాడు, ఊరి బ్యాండులో, తిత్తి చంకలో నొక్కుతూ ఊదే బ్యాగ్‌పైపు వాయించేవాడు. పని నేర్చుకున్నాక డోలీనా సొంతంగా కుట్టిన మొదటి కిల్టు అతనిదే. బ్యాండు వీధిలో నడుస్తుంటే ఊరంతా ఎదురుగా నిలబడి చూసేది, డోలీనా మాత్రం వెనక్కి వెళ్ళి నిలబడేది. హెక్టర్ అడుగు తీసి అడుగు వేస్తుంటే అతని వెనక కుచ్చిళ్ళు అటూ ఇటూ ఊగుతుంటాయి. అది చూడటమంటే ఆమెకు ప్రాణం.

మొన్న శరదృతువులో గొర్రెల్ని దించుకొస్తూ హెక్టర్ బండితో సహా వాలులో బోల్తా పడ్డాడు. ప్రాణం దక్కింది కానీ నడుం కింద ఇక కదలిక లేదు, స్పర్శా లేదు. చక్రాల కుర్చీలో ఇంటికొచ్చాడు. వసంతంలో పట్టుబట్టి, ఆ కిల్టే కట్టుకుని ఒక రోజంతా బ్యాండుతో కూర్చుని వాయించాడు. కింద మందంగా పేరుకున్న కుచ్చిళ్ళు తొడలను కోసేస్తున్నా అతనికి తెలియలేదు. ఆ పుళ్ళు మానడానికి వారాల తరబడి బోర్లా పడుకోవాల్సి వచ్చింది. ఇంకోసారి ఆ కుచ్చిళ్ళ మీద కూర్చుంటే ఊరుకోనని నర్సు గట్టిగా చెప్పింది. ప్యాంటుతో వచ్చినా ఫరవాలేదని బ్యాండువాళ్ళు కబురు పెట్టారు. "హెక్టర్ ప్యాంటులో వాయించడని చెప్పండి," అని అతను తలుపు వేసేసుకున్నాడు.

జూన్‌లో అతని భార్య ఇష్బెల్ ఆ కిల్టును తెచ్చి డోలీనా బల్ల మీద పెట్టింది.

"విప్పి ఇంకెవరికైనా కుట్టు. ఆయనకి వద్దంట."

"మరి వాయించే పైపులు?"

"అవీ ఇచ్చేస్తాడంట. ఆటల పోటీల రోజున బ్యాండువాళ్ళొచ్చి పట్టుకెళ్తారు. అవి ఇల్లు దాటాక ఈ మనిషి ఏమైపోతాడోనని భయంగా ఉందే డోలీనా." ఇష్బెల్ కిల్టు మడత సర్దుతూ మళ్ళీ అంది. "కుర్చీలో ఉండేవాళ్ళకని ఒక రకం వస్తున్నాయంట. ముందు గుడ్డ మాత్రమే ఉంటుంది, వెనక ఏమీ ఉండదు. నడుముకి కట్టేసుకోవడమే."

డోలీనా నోరు ఆగితే కదా. "అది కిల్టేంటే! వంటింట్లో కట్టుకునే ఏప్రను!"

"నువ్వు ఇదే అంటావని ఆయన ముందే చెప్పాడు," అని ఇష్బెల్ లేచింది. టీ పెడతానన్నా ఆగలేదు.

ఆ మాట డోలీనాకు ముల్లులా దిగింది. ఇన్నేళ్ళూ తను ఊరందరినీ నవ్వించిన నవ్వే ఇప్పుడు ఆ ఇంటి తలుపు మూసి కూర్చుందని ఆమెకు అర్థమైంది. సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

మర్నాడు దుకాణం తెరవలేదు. పొద్దున్నే గంజి తాగి, హెక్టర్ కిల్టును తనే చుట్టుకుని, గట్టి కుర్చీ తెచ్చుకుని కూర్చుంది. అతను కదల్లేడు కదా, తనూ కదలకూడదని పంతం పట్టింది. పిల్లి వచ్చి పాల కోసం అరిచినా లేవలేదు. మొదట ఇదేముందిలే అనుకుంది. మధ్యాహ్నానికి తొడల కింద ఎవరో కర్రలు పేర్చినట్టయింది. సాయంత్రం టీ వేళకు ఇక తట్టుకోలేక లేచి, అద్దం ముందు చూసుకుంది. చర్మం మీద ఎర్రటి గీతలు, ఒకదాని పక్కన ఒకటి, వంకర లేకుండా బారుగా ఉన్నాయి. తన కుచ్చిళ్ళే. ఇంత తీరుగా పెట్టిందెవరే అని తనను తానే తిట్టుకుంది.

మర్నాడు టేపు మెడలో వేసుకుని హెక్టర్ ఇంటికి వెళ్ళింది.

"దేనికొచ్చావే? ఏప్రనుకి కొలతలా?" అన్నాడు హెక్టర్ కిటికీలోంచి చూపు తిప్పకుండా.

"నోరు ముయ్యరా. చేతులెత్తు."

"కూర్చున్నోణ్ణి ఎప్పుడైనా కొలిచావా నువ్వు?"

"లేదు. నీ మొహం చూసి నేర్చుకుంటాను. ఎత్తమన్నానా!"

అతను ఎత్తలేదు. డోలీనా టేపు ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా కూలబడింది. "నిన్నంతా నీ కిల్టు కట్టుకుని కూర్చున్నానురా. నేను కుట్టిందే నన్ను కోసేసింది. నాకు నొప్పి తెలిసింది, నీకు అదీ తెలీలేదు. ఇంత చెత్త కిల్టు నా జన్మలో కుట్టలేదు. దిద్దుకోనివ్వవా?"

హెక్టర్ కిటికీలోంచి చూపు ఆమె వైపు తిప్పాడు. తర్వాత చేతులెత్తాడు.

కూర్చున్న మనిషి నడుం వేరు. ముందు కిందికి జారుతుంది, వెనక పైకి లేస్తుంది. మోకాలి దగ్గర గుడ్డ పైకి ఎగబాకుతుంది. ఇంత వయసొచ్చాక డోలీనా మళ్ళీ మొదటి పాఠం దగ్గరికి వెళ్ళింది. పాత కుట్లన్నీ విప్పేసింది. అతను కూర్చునే చోట ఒంటి పొర గుడ్డ తప్ప మడత గానీ కుట్టు గానీ లేకుండా చేయాలి. కుచ్చిళ్ళను రెండు పక్కలకూ తెచ్చి, చక్రాలకు తగలకుండా తొడల మీదుగా ముందుకు వాలేలా పెట్టాలి. గుడ్డంతా వాడితే పక్కలు గడ్డివాముల్లా ఉబ్బిపోతున్నాయి. రెండుసార్లు పెట్టి రెండుసార్లూ విప్పేసింది. చివరికి, కిల్టు గుడ్డకు ఎన్నడూ తగలనివ్వని కత్తెర చేతిలోకి తీసుకుంది. ఎక్కువైన గుడ్డను గళ్ళ గీత వెంట కోసేసింది.

నడుం పక్కన కిల్టు బిగించే తోలు పట్టీల బకిల్స్ ఉంటే అవీ ఒత్తుకుంటాయి. అతను ఎవరి సాయమూ లేకుండా తనే కట్టుకోగలగాలి. దానికి ఒకటే దారి. పాపం డోలీనా, తెలిసినవాళ్ళ కంట పడకూడదని బస్సెక్కి పక్క పట్నం పోయి వెల్క్రో కొనుక్కొచ్చింది. ఎంత దాచినా ఊళ్ళో దాగుతుందా! ఆమె దిగేసరికే బస్టాపులో నవ్వుకుంటున్నారు.

ఆటల పోటీల రోజు పొద్దుటి దాకా చిన్న జల్లు పడి వెలిసింది. మైదానంలో దుంగలు విసిరేవాళ్ళు విసురుతున్నారు, నాట్యమాడే పిల్లలు తడి గడ్డికి నానిన సాక్సులు చూసుకుని ఏడుస్తున్నారు. అంతలో డప్పులు మోగాయి. బ్యాండు వచ్చింది. ముందు వరసలో హెక్టర్ కుర్చీని ఇష్బెల్ తోస్తోంది. అతని చంకలో బ్యాగ్‌పైపు, బుగ్గలు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. ముదురాకుపచ్చ గళ్ళ మీద తెల్ల గీత అతని ఒళ్ళో ఎక్కడా తెగకుండా ఈ పక్క నుంచి ఆ పక్కకు పరుచుకుని ఉంది. బ్యాండు మలుపు తిరిగేసరికి సముద్రం వైపు నుంచి గాలి కొట్టింది. రెండు పక్కల కుచ్చిళ్ళూ ఒక్కసారిగా విచ్చుకుని, పాట దరువుకు లేచి పడ్డాయి.

డోలీనా అలవాటుగా వెనక్కి వెళ్ళబోయి ఆగింది. మళ్ళీ తిరిగొచ్చి, జనాన్ని మోచేతులతో తోసుకుంటూ అందరికంటే ముందు నిలబడింది. ఆ పక్కనే గ్రెగర్, తన కాన్వాసు కిల్టులో, చిరిగిన జేబుతో ఉన్నాడు. ఇలాంటి రోజు కోసమే కాచుకుని ఉన్నట్టున్నాడు.

"ఏమండీ డోలీనా గారూ! వెనక కుచ్చిళ్ళు లేవు. కత్తెర పడింది. వెల్క్రో కూడా ఉందంట. మరి అదేమంటారు, కిల్టా, లంగానా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వబోయి ఆమె మొహం చూసి ఆగిపోయారు. డోలీనా కళ్ళు తుడుచుకుంది. చూపు మాత్రం హెక్టర్ మీదే ఉంది.

"చెవులు దొబ్బాయా? వాయించేదెవరు?"

"హెక్టరే కదండీ."

"హెక్టర్ ప్యాంటులో వాయించడు, లంగాలోనూ వాయించడు."

 బ్యాండు వాళ్ళిద్దర్నీ దాటుకుని ముందుకు సాగింది. గ్రెగర్ అటు తిరిగి పోబోతుంటే డోలీనా అతని చిరిగిన జేబు పట్టుకుని వెనక్కి లాగింది.

"ఒరేయ్, సోమవారం ఇటు తీసుకురా. నీ కిల్టు కుట్టిపెడతాను."