అరువు తెచ్చుకున్న 'చాలు'

అమీర్‌పేటలో ఖాళీ గోడ అంటూ కనిపించని కాలమది. ప్రతి గోడ మీదా ఏదో ఒక కంప్యూటరు కోర్సు బోర్డు, ప్రతి మేడ మీదా ఒక హాస్టలు, ప్రతి హాస్టల్లోనూ ఉద్యోగం రేపో ఎల్లుండో వచ్చేస్తుందన్నట్టు తిరిగే మాలాంటి కుర్రాళ్ళు. మా పాత హాస్టల్ మిత్రులు ఫోన్ గ్రూపులో ఇప్పటికీ ఆ రోజుల జోకులు పంపుకుంటూ ఉంటారు. అందులో అందరికీ ఇష్టమైనది నా గదిలో ఉండే సిమెంటుగాణ్ణి మెస్సులోంచి గెంటేసిన కథ. డబ్బు కట్టకుండా పక్కవాడి కంచంలో చెయ్యి పెట్టబోయి దొరికిపోయాడట. మొన్న మళ్ళీ ఎవడో పెట్టాడు. కింద వరసగా నవ్వు బొమ్మలు. ఇన్నేళ్ళూ నేనూ ఒక నవ్వు బొమ్మ అంటించి ఊరుకున్నవాణ్ణే. ఈసారి మాత్రం ఒళ్ళు మండిపోయింది. మొదట వాళ్ళ మీద, తర్వాత తీరిగ్గా నా మీద. వాడు ఆ మెస్సులో ఒక్క మెతుకు ఊరికే తినలేదు. అక్కడ వాడు చేసిన పని వేరు.

నా సంగతి ముందు చెప్పాలి. నన్ను అందరూ 'బూరె' అనేవారు. గోదావరి జిల్లా నుంచి బుగ్గలతో సహా దిగినందుకు (బుగ్గలు ఇంటి దగ్గర వదిలి రావాలని ఎవరూ చెప్పలేదు). ఆ పేరు వదిలించుకోవాలని తిండి తగ్గించాను. మొదట్లో అది నా చేతిలో ఉండేది, తర్వాత నేను దాని చేతిలో పడ్డాను. కంచంలో అన్నం చూస్తే పరీక్ష పేపరు చూసినట్టు గుండె దడదడలాడేది. అయినా అందరూ మెచ్చుకున్నారు చూడండి, అది తలుచుకుంటే ఇప్పటికీ పళ్ళు నూరుకుంటాను. "అబ్బ, ఏం కంట్రోల్ రా నీది!" అన్నారు. అందరికంటే ఎక్కువ ముచ్చటపడ్డది మెస్ బాబాయిగారు. ఆయనది గుంటూరు వైపు. నెల డబ్బు ఒకేసారి కట్టేస్తే రెండు పూటలా ఎంత తిన్నా అడగని మెస్సు అది. నేను డబ్బు పూర్తిగా కట్టి పిచ్చుకలా తినేవాణ్ణి. అలాంటి ఖాతాదారు ఏ వ్యాపారికి దొరుకుతాడు? "రండి బాబూ, రండి, ఫ్యామిలీ టేబులు ఖాళీగా ఉంది" అని ఎదురొచ్చేవారు.

ఒకరోజు పంజాగుట్ట బస్టాపులో కళ్ళు తిరిగి పడిపోయాను. నన్ను ఆటోలో వేసుకుని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది నా గదిలోవాడు, కరీంనగర్ కుర్రాడు, సిమెంటు. (పడుకుంటే నలుగురు కలిసి కదిపినా కదలడని ఆ పేరు.) ఆవిడ అంతా విని మెల్లగా చెప్పింది. "ఇది మొండితనం కాదు బాబూ, జబ్బు. దీనికి మందు వేళకి తిండి, సరిపడా తిండి. వారంవారం వచ్చి నాతో మాట్లాడాలి. ఎంత తినాలో తెలియచెప్పే 'చాలు' ఒకటి మనిషిలో ఉంటుంది. నీది పాడైంది. అది బాగయ్యేదాకా ఇంకొకరిది అరువు తెచ్చుకో." తర్వాత పాలు, గుడ్లు, పళ్ళు, పప్పులు, పెరుగు అంటూ చెప్పుకుపోయింది. నేను తల ఊపుతూ కూర్చున్నాను. ఇంటి నుంచి వచ్చే డబ్బు కోర్సు ఫీజుకీ హాస్టలుకీ మెస్సుకీ పోగా మిగిలేది టీ నీళ్ళకే. ఆకలిని చంపే టీ అంత చవక, ఆకలి తీర్చే తిండి అంత ప్రియం! ఆ ఊరిని అలా ఎవరు కట్టారో ఎదురుపడితే కాలరు పట్టుకుని అడగాలనుకునేవాణ్ణి.

దారి సిమెంటే కనిపెట్టాడు. "గా మెస్సు ఉన్నది గదరా. పైసలు ఆల్రెడీ కట్టినవ్. మస్తు పెడతరు. మధ్యల అరటిపండ్లు, పల్లీలు నేను చూస్కుంట. ఫికర్ చెయ్యకు." అంతేకాదు, 'చాలు' కూడా తనే ఇస్తానన్నాడు. మధ్యాహ్నం వాడు బయట బండి దగ్గర ఇడ్లీ తినేసి వచ్చి మెస్సులో నా పక్కన ఖాళీ చేతులతో కూర్చునేవాడు. వడ్డించేవాడు అన్నం తేగానే అలవాటు కొద్దీ నా నోటి నుంచి "చాలు" వచ్చేసేది. వెంటనే వాడు, "అన్నా, గాయన మాట పట్టించుకోకు. ఆయన చాలు నా తాన ఉన్నది. నువ్వు వెయ్యి" అనేవాడు. వడ్డించేవాడు గరిటె గాల్లో ఆపి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసేవాడు. నేను లోపల ఏడుస్తూ, పైకి వాణ్ణి తిడుతూ తినేవాణ్ణి. అయినా తినేవాణ్ణి.

బాబాయిగారి ముఖం రోజురోజుకీ వాడిపోయింది. పిచ్చుక మేకగా మారితే ఎవరికి నచ్చుతుంది? ఒక ఆదివారం, హాలు కిటకిటలాడుతుండగా, ఆయన కౌంటరు దిగి వచ్చారు. "ఏంటయ్యా, బాబు కంచానికి నువ్వు మేనేజరువా? టోకెన్ లేకుండా కుర్చీ, పైగా ఇంకా వెయ్యి ఇంకా వెయ్యి అని ఆర్డర్లా?" వెనక నుంచి ఎవడో, "బూరె మళ్ళీ పొంగుతోంది గురువుగారూ, నూనె తగ్గించండి!" అన్నాడు. అందరూ నవ్వారు. నా చెయ్యి ముద్ద దగ్గరే ఆగిపోయింది.

సిమెంటు లేచి నిలబడ్డాడు. "నవ్వుడు కాదన్నా. ఈయనకు పాణం బాగలేదు. డాక్టరమ్మ కడుపు నిండ తినమన్నది. జర తిననియ్యుండ్రి."

"తినకపోతే జబ్బేంటయ్యా, మా వైపు ఎక్కడా వినలేదు." బాబాయిగారు నా వైపు తిరిగారు. "ఏం బాబూ, నీకు జబ్బుందా? నిజమేనా?"

ఆ మెస్సు పోతే నాకు సరిపడా తిండి దొరికే చోటు ఆ ఊళ్ళో ఇంకొకటి లేదు. దానికోసమే అబద్ధమాడానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది కాదు. సిగ్గు. "లేదు బాబాయిగారూ. నాకేం లేదు. వీడే ఏదో..." అన్నాను. ఆ 'ఏదో' ఏమిటో చెప్పాల్సిన అవసరం రాలేదు. బాబాయిగారు వాడి భుజం పట్టుకుని గుమ్మం దాటించారు.

వెళ్తూ వాడు, "అన్నం సల్లగైతది. తిను" అన్నాడంతే. తిట్టి ఉంటే బాగుండేది.

తల ఎత్తేసరికి ఎదురుగా కిటికీ ఊచల అవతల, పాన్‌డబ్బా పక్కన, ఎండలో నిలబడి ఉన్నాడు. వడ్డించేవాడు వచ్చాడు. నేను కిటికీ వైపు చూశాను. వాడు తల అడ్డంగా ఊపాడు, చాలదు, ఇంకా అని. పప్పు, కూర, పెరుగు అన్నీ అయ్యాక అరచెయ్యి చూపించాడు, ఇక చాలు అని. ఆ రోజు నుంచి అదే ఏర్పాటు. ట్రాఫిక్ పోలీసు చేతిని చూసి బండి నడిపినట్టు నేను భోజనం చేశాను. ఇదీ వాడు 'ఊరికే తినబోయిన' కథ.

ఒకరోజు వాడికి బేగంపేటలో ఇంటర్వ్యూ పడింది. కిటికీలో ఎవరూ లేరు. వడ్డించేవాడు అన్నం బేసిన్‌తో నిలబడ్డాడు. నోట్లోకి "చాలు" వచ్చేసింది. మింగేశాను. "వెయ్యండి" అన్నాను. పెరుగు దగ్గర మళ్ళీ "వెయ్యండి" అన్నాను. కౌంటరు నుంచి, "ఏంటి బాబూ, ఇంకానా?" అని నిట్టూర్పు వినిపించింది. ఏం పూనిందో, ఎంగిలి చేత్తోనే లేచి నిలబడి హాలంతా వినపడేలా అరిచాను. "అవునండీ, ఇంకానే! నాకు జబ్బు. ఆ రోజు వాడు చెప్పింది నిజం. నేను చెప్పింది అబద్ధం!"

ఒక్కడూ తల ఎత్తలేదు. సాంబారు జుర్రుకునే చప్పుడు కూడా ఆగలేదు. పక్కవాడు, "ఆవకాయ జాడీ ఇటు జరపండి" అన్నాడు. ఎవరు ఏమనుకుంటారోనని నేను స్నేహితుణ్ణి వీధిలోకి నెట్టానో, ఆ 'ఎవరు' వీళ్ళే.

సాయంత్రం సిమెంటుకి అంతా చెప్పి, చేతులు పట్టుకున్నాను. వాడు శ్రద్ధగా విని, మెడ వెనక మాడిన చర్మం గోక్కుంటూ, "గదేదో ముందే చెప్పి సావకపోతివి రా, ఫ్యాన్ కింద కూసుందును" అన్నాడు.

గ్రూపులో నవ్వినవాళ్ళందరికీ ఇది పంపుతున్నాను, నవ్వుకోండి. ఆ ఆదివారం తల దించుకున్న కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ చెంప పగలగొట్టాలనిపిస్తుంది. కానీ మూతి చుట్టూ పెరుగుతో, ఎవరూ వినని హాల్లో తన జబ్బును చాటింపు వేస్తున్న వాడి మొహం గుర్తొస్తే మాత్రం, ఎత్తిన చెయ్యి దానంతటదే దిగిపోతుంది. బుగ్గలు బాగానే ఉండేవి వెధవకి.