వాచీ నమ్మిన నిద్ర

ధర్మవరంలో పట్టుచీరలు నేసే శివప్రసాద్ వేసవిలో ఒకరోజు మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని, పోగు ముట్టకుండా సాయంత్రం దాకా అట్లే కూర్చున్నాడు. అన్నానికి పిలవడానికి వచ్చిన భార్య ధనలక్ష్మితో "నాకు బతకాలని లేదే" అన్నాడు, చారులో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా.

హిందూపురంలో మనోవ్యాధుల డాక్టరు మాత్రలు రాసి, నిద్రనూ నడకనూ లెక్కపెట్టే వాచీ దొరికితే కట్టుకోమన్నాడు. బెంగళూరులో ఉండే బావమరిది ఒకటి తెచ్చి కట్టాడు.

అక్కణ్ణుంచి శివప్రసాద్ నిద్ర వీధిపాలయింది. పొద్దున్నే ధనలక్ష్మి ఫోన్‌లో వాచీ లెక్క చూసేది. నిద్ర బాగుంటే కొళాయి దగ్గర చెప్పేది. బాగాలేకపోతే ఇంకాస్త వివరంగా చెప్పేది. అతను పళ్లు తోముకుంటూ అరుగు మీదికి రావడమే ఆలస్యం, ఎదురింటి నాగమ్మ అందుకునేది: "ఏమబ్బా, రాత్రి మూడుతూర్లు లేసినావంట?"

మగవాడు తన పడకలో ఎటు పొర్లాడో వీధికంతా తెలియడం కన్నా సిగ్గు ఇంకేముంటుంది! అదైనా ఓర్చుకునేవాడే. నిద్ర తక్కువైన రోజు ధనలక్ష్మికి ముద్ద దిగేది కాదు. అది చూడలేకపోయాడు.

బలవంతాన మళ్లీ మగ్గంలో కూర్చున్న రోజు, వాచీ అతను చాలా దూరం నడిచాడంది. చెయ్యి ఆడితే చాలు, అడుగనుకుంటుంది అది. "గుంతలో కూర్చోనే పెనుకొండకు పోయొచ్చినావే!" అని ధనలక్ష్మి పడీపడీ నవ్వింది. ఎన్నాళ్లకో విన్న నవ్వు.

చెయ్యి ఆడితే నడకైనప్పుడు, ఆడకపోతే నిద్ర కావాలి గదా అని అతనికి తోచింది. ఆ రాత్రి నుంచి కొయ్యలా పడుకునేవాడు. దోమ కుట్టినా కదిలేవాడు కాదు. లోపల మాత్రం తెల్లారేదాకా చావు మాటే. పొద్దున వాచీ నిద్ర బ్రహ్మాండమనేది, ధనలక్ష్మి నవ్వేది. నాగమ్మ కూడా "దిష్టి తీయించుకోప్పా" అంది.

మళ్లీ డాక్టరు దగ్గరికి పోయినప్పుడు ధనలక్ష్మి ఫోన్ ముందుకు తోసింది. "సూడండి సార్, పసిబిడ్డ మాదిరి పండుకుంటాండాడు. మాత్రలు తగ్గించండి."

డాక్టరు చూసి తలూపాడు. కలం తీసి, రాయబోతూ ఆగాడు. "నువ్వేమంటావప్పా?"

ఊఁ అంటే సరిపోయేది, అలవాటైన పనే. కానీ ఈమాత్రం నిలబడింది ఆ మాత్రల వల్లేనని శివప్రసాద్‌కు తెలుసు.

"నాకు నిద్ర పట్టలే సార్. కదలకుండా పండుకుంటాండా, అంతే."

"ఎప్పట్నుంచి?" అంది ధనలక్ష్మి.

"నువ్వు నవ్వినప్పట్నుంచి."

డాక్టరు మందులు మార్చాడు. వారానికే మళ్లీ రమ్మన్నాడు, మనిషిని ఒంటరిగా వదలొద్దన్నాడు. తిరుగు రైల్లో ధనలక్ష్మి ఫోన్ బయటికి తియ్యలేదు. పెనుకొండ దాటినాక అడిగింది: "రాత్రంతా ఏం తలుచుకుంటాంటివి?"

"నువ్వు ఇనలేవులే."

"ఇంటా. చెప్పు."

చెప్పాడు. మధ్యలో ఆమె కిటికీ చువ్వ గట్టిగా పట్టుకుంది, ఆపమని మాత్రం అనలేదు. ధర్మవరంలో దిగేసరికి మాట ఇంకా అయిపోలేదు. ఇద్దరూ ప్లాట్‌ఫారం బల్ల మీద కూర్చున్నారు.